మీకు తెలుసా? ఫిజియోథెరపీ చదువు కథ

‘ఎంబీబీఎస్ సీటు రాకపోతే చూద్దాంలే’ అని బైపీసీ విద్యార్థులు పక్కన పెట్టేసే కోర్సుల్లో ఫిజియోథెరపీ ఒకటి. దాని వెనుక ఎంత చరిత్ర, ఎంత శాస్త్రం ఉన్నాయో చూడండి.

• లండన్‌లో 1894లో నలుగురు నర్సులు కలిసి, శిక్షణ పొందిన మసాజ్ నిపుణులకు ఒక సంఘం పెట్టారు. బ్రిటన్‌లోని నేటి చార్టర్డ్ సొసైటీ ఆఫ్ ఫిజియోథెరపీకి అదే పునాది.

• న్యూజిలాండ్‌లోని ఒటాగో యూనివర్సిటీ 1913లోనే ఈ విద్యకు ప్రత్యేకంగా స్కూలు తెరిచింది.

• మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికులను మళ్లీ నడిపించడానికి అమెరికా వందల మంది మహిళలకు హడావుడిగా శిక్షణ ఇచ్చింది. 1918లో రీడ్ కాలేజీలో వాళ్లకు పాఠాలు చెప్పిన మేరీ మెక్‌మిలన్, 1921లో అక్కడి ఫిజికల్ థెరపిస్టుల సంఘానికి తొలి అధ్యక్షురాలయ్యారు.

• మన దేశంలో ఈ చదువుకు దారి వేసింది పోలియో. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో 1952లో ముంబయి కేఈఎం ఆసుపత్రిలో ఫిజియోథెరపీ స్కూలు మొదలైంది.

• కండర బలాన్ని 0 నుంచి 5 వరకు గ్రేడుల్లో కొలవడం ప్రతి విద్యార్థీ నేర్చుకుంటారు. అమెరికాలో పోలియో రోగుల కోసం డాక్టర్ రాబర్ట్ లవెట్ రూపొందించిన పరీక్షే దీనికి మూలం. గ్రేడు 1లో కండరం బిగుసుకోవడం వేళ్లకు తెలుస్తుంది కానీ కీలు కదలదు. చేతినో కాలినో పడుకోబెట్టి బరువు పడకుండా చూస్తే కదిలేది 2. భూమ్యాకర్షణకు ఎదురు లేపగలిగితే 3. పూర్తి బలం ఉంటే 5. నరం దెబ్బతిన్న మనిషి 1 నుంచి 2కు వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లకు మార్పేమీ కనిపించకపోవచ్చు. చదువుకున్న చేతికి మాత్రం కోలుకుంటున్న సంగతి అప్పుడే తెలిసిపోతుంది.

• అనాటమీ, ఫిజియాలజీలతో మొదలయ్యే ఫిజియోథెరపీ డిగ్రీ (బీపీటీ) ఆపైన బయోమెకానిక్స్, ఎలక్ట్రోథెరపీ మీదుగా ఎముకలు, నరాలు, గుండె, ఊపిరితిత్తుల సమస్యల దాకా వెళ్తుంది. ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్ల కోర్సుగా ఇది చాలాకాలం నడిచింది.

• అమెరికాలో ఈ వృత్తిలోకి రావడానికి ఇప్పుడు చదవాల్సింది డాక్టరేట్ కోర్సే. మన బీపీటీతో అక్కడికి వెళ్లేవారు ముందు తమ చదువును మదింపు చేయించుకోవాలి, ఆ తర్వాత లైసెన్సు పరీక్ష రాయాలి.

కదలలేని మనిషిని కదిలించే విద్య ఇది. సీటు మిగిలింది కదా అని కాకుండా, ఇష్టపడి ఎంచుకోండి.