మీకు తెలుసా? గీత జరిగితే లెక్క తేలుతుంది
కంప్యూటర్ తెర మీద వర్ణపటం రంగుల పట్టీలా కాక, ఎగుడుదిగుడు గ్రాఫులా కనిపిస్తుంది. అమెరికాలో కిట్ పీక్ అబ్జర్వేటరీ వాళ్లు మొదలుపెట్టిన ‘ఐరాఫ్’ సాఫ్ట్‌వేర్‌లో వర్ణపటంలోని ఏదైనా గీతకు అటూ ఇటూ కర్సర్ పెట్టి ‘ఇ’ మీట నొక్కితే, దాని మధ్యబిందువు ఎక్కడుందో, బలమెంతో చెప్పేస్తుంది.

గీత ఎంత జరిగిందో లెక్కకట్టడానికి 3సి 273 క్వేజార్‌నే తీసుకోండి. ప్రయోగశాలలో 4,861 ఆంగ్‌స్ట్రామ్‌ల తరంగదైర్ఘ్యం దగ్గరుండే హైడ్రోజన్ గీత అందులో సుమారు 5,630 దగ్గర తేలుతుంది. తేడాను 4,861తో భాగిస్తే 0.158. అదే ఎరుపు జరుగుబాటు, అంటే రెడ్‌షిఫ్ట్.

మీట కొలత చెబుతుంది గానీ, గీత ఏ మూలకానిదో చెప్పదు. అసలు కష్టం అక్కడే! 1963లో ఖగోళ శాస్త్రవేత్త మార్టెన్ ష్మిట్ ఫొటో ప్లేటు మీది 3సి 273 గీతలను చూసి, అవి హైడ్రోజన్‌వేనని పోల్చుకున్నారు.