కాన్సర్ వేషం వేసే పుండు

పిల్లలూ! అద్దం ముందు నిలబడి కింది పెదవిని బయటికి మడవండి. లోపలి తడిని శుభ్రమైన గుడ్డతో అద్దేసి, ఒక నిమిషం అలాగే చూడండి. ఆవగింజకన్నా చిన్న నీటిబొట్లు ఒక్కొక్కటే ఉబికి వస్తాయి. ప్రతి బొట్టు కిందా ఒక లాలాజల గ్రంథి ఉంది.

పాఠ్యపుస్తకంలో మూడు జతల గ్రంథులే ఉంటాయి: చెవుల ముందు, దవడ కింద, నాలుక కింద. పరీక్షకు అవి చాలు గాని నోటికి చాలవు. పెదవుల లోపల, బుగ్గలలో, నాలుకలో, అంగిలిలో 600 నుండి 1000 దాకా చిన్న గ్రంథులున్నాయి.

అన్నం తింటూ పెదవి కొరుక్కున్నారనుకోండి. ఒక గ్రంథి తాలూకు సన్నని నాళం తెగవచ్చు. అప్పుడు లాలాజలం బయటికి రాక, పొర కిందనే చేరి నీలిరంగు బుడగలా ఉబ్బుతుంది. మీ ఈడు పిల్లల్లో ఇది మామూలే. ఇది కాన్సర్ కాదు. మళ్ళీ మళ్ళీ వస్తుంటే డాక్టరు ఆ గ్రంథితో సహా తీసివేస్తారు.

అసలు వేషగాడు అంగిలిలో ఉంటాడు. మా నందికొట్కూరు వైపు కె.సి. కాలువ కింద ఒక పిల్లకాలువ పూడితే, దాని కింది మడి ఒక్కటే ఎండుతుంది. అలాగే అంగిలిలో ఒకచోటికి రక్తం అందకపోతే అక్కడి గ్రంథులు చచ్చిపోతాయి. దెబ్బ తగలడం, పొగ తాగడం, సరిగా కుదరని కట్టుడుపళ్ళు, పంటి వైద్యంలో ఇచ్చే మత్తుసూది ఇందుకు కారణం కావచ్చు. ఆ సూదిమందులో రక్తనాళాలను బిగించే అడ్రినలిన్ కలుపుతారు. మొదట వాపు వస్తుంది. తరువాత ఒక ముక్క ఊడిపడినట్లుగా లోతైన గుంట మిగులుతుంది. చూసినవాళ్ళు కాన్సరే అనుకుంటారు.

1973లో అమెరికాలో అబ్రామ్స్, మెల్రోజ్, హోవెల్ అనే ముగ్గురు దీనిని మొదటిసారి వివరించి 'నెక్రోటైజింగ్ సయలోమెటాప్లేసియా' అని పేరు పెట్టారు. కణాలు చచ్చి, లాలాజల గ్రంథి రూపు మారడం అని అర్థం. నోరు తిరగకపోయినా పరవాలేదు. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఇది సాధారణంగా 6 నుండి 10 వారాలలో తనంతట తానే మానుతుంది. దీన్ని కాన్సర్ అని పొరబడితే అంగిలి ఎముకను కోసి తీసేస్తారు. ఆ మనిషి నీళ్ళు తాగితే ముక్కులోకి వస్తాయి, మాట ముక్కుతో వస్తుంది.

అలాగని, ఏ పుండయినా అదే మానుతుందిలే అని కూర్చుంటే అంతకన్నా ప్రమాదం. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాలలో చుట్టను నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని తాగే అలవాటు ఉంది. దానిని అడ్డపొగ అంటారు. ఆడవాళ్ళలోనే ఎక్కువ. పిండ్‌బోర్గ్, మెహతా బృందం ఆంధ్ర పల్లెలలో 10,169 మంది అంగిళ్ళను చూసి 1971లో వివరాలు ప్రకటించింది. పొగతో అంగిలి తెల్లబారుతుంది, ఆ తెలుపులో ఎర్రని చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కలు వాచిన లాలాజల గ్రంథుల మూతులే! మామూలుగా పొగ తాగేవారిలో అయితే, మానేశాక ఈ తెలుపు చాలావరకు పోతుంది. అడ్డపొగలో మాత్రం అది కాన్సర్‌గా మారవచ్చు.

మరి తేల్చేదెలా? కంటితో తేలదు. పుండు రెండు వారాలకు మానకపోతే డాక్టరు చిన్న ముక్క తీస్తారు. దానిని మైనంలో పోసి, వెంట్రుకకన్నా ఎంతో పలుచని పొరలుగా కోసి, రంగులద్ది సూక్ష్మదర్శినిలో చూస్తారు. తికమక అక్కడా ఉంది. గ్రంథి చచ్చినచోట నాళాల గోడల కణాలు మరమ్మతుకు పూనుకుని, చర్మకణాల్లాంటి బల్లపరుపు కణాలుగా మారతాయి. నోటి కాన్సర్‌లోనూ అలాంటి కణాల గుంపులే ఉంటాయి. అయితే ఈ కణాలు పాత మడిగట్ల లోపలే, అంటే పూర్వం గ్రంథి ఉన్న హద్దులోనే ఉంటాయి. వాటి కేంద్రకాలూ ఒద్దికగా ఉంటాయి. కాన్సర్ కణాలు గట్లు తెంచుకుని పక్క చేలలోకి పోతాయి, కేంద్రకాలు పెద్దవై వంకరటింకరగా ఉంటాయి. ముక్క మరీ చిన్నదయితే గట్లు కనిపించవు. అందుకని కొంచెం లోతుగా తీస్తారు.

గట్లు చెక్కుచెదరలేదని తేలితే ఆపరేషన్ అక్కరలేదు. నోరు శుభ్రంగా ఉంచుకోమని చెప్పి, డాక్టరు అప్పుడప్పుడు పిలిచి చూస్తారు. గుంట అడుగునుంచి పూడుకుంటూ పైకి వస్తుంది.