నోరు ఎందుకు ఎండుతుంది?

హుకుంపేట మండలంలో ఒక పల్లె. ఆ పల్లెలో నలభై అయిదేళ్ల తల్లి ఒకామె ఉందనుకోండి. చోడి అంబలి తాగగలదు. అన్నం ముద్ద మాత్రం గొంతు దిగదు. ముద్దముద్దకూ నీళ్లు తాగాలి. రాత్రి నోరు ఎండి మెలకువ వస్తుంది. కళ్లలో ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంది. కీళ్లు నొప్పులు. పళ్లు ఒక్కొక్కటే పుచ్చిపోతున్నాయి.

"వయసు మీద పడింది" అన్నారు ఇంట్లోవాళ్లు. "ఎవరో చిల్లంగి పెట్టారు" అన్నారు ఇరుగుపొరుగు. ఆమె భయపడి ఊరుకుంది.

ఒకరోజు ఆశా కార్యకర్త వచ్చింది.

"పిన్నీ, ఎన్నాళ్లనుంచి ఇలా ఉంది?"

"ఏడాది దాటిందమ్మా."

"ఇది చిల్లంగి కాదు పిన్నీ. జబ్బు కావచ్చు. రేపు డాక్టరుకి చూపిద్దాం."

ఏమిటా జబ్బు?

లాలాజలం పని

నోట్లో ఊరే ఉమ్మినే లాలాజలం అంటారు. ఇది గ్రంథుల్లో తయారవుతుంది. చెవుల ముందు ఒక జత, దవడ కింద ఒక జత, నాలుక కింద ఒక జత పెద్ద గ్రంథులు ఉంటాయి. పెదవుల లోపల, బుగ్గల లోపల చిన్న గ్రంథులు వందల్లో ఉంటాయి. రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. అది తిండిని మెత్తబరుస్తుంది. పళ్లు పుచ్చకుండా కాపాడుతుంది.

ఒంట్లో కాపలా

మన రక్తంలో తెల్లకణాలు ఉన్నాయి. ఇవి ఒంటికి కాపలా. రోగక్రిములు వస్తే చంపుతాయి. వీటిలో టి కణాలు, బి కణాలు అని ఉన్నాయి. టి కణాలు శత్రువును గుర్తుపట్టి తక్కిన కణాలను పిలుస్తాయి. బి కణాలు యాంటీబాడీలు అనే ఆయుధాలు తయారుచేస్తాయి.

పోడు చేనులో మంచె మీద కావలివాడు ఉంటాడు. అడవిపంది వస్తే రాళ్లు విసిరి తోలుతాడు. చీకట్లో పొరబడి సొంత ఎడ్ల మీదే రాళ్లు విసిరితే? ఈ జబ్బులో జరిగేది అదే. టి కణాలు లాలాజల గ్రంథుల్లో గుంపుగా చేరతాయి. బి కణాలను పిలుస్తాయి. బి కణాలు సొంత ఒంటి మీదికే ఆయుధాలు తయారుచేస్తాయి. గ్రంథులు మెల్లగా పాడవుతాయి. కన్నీటి గ్రంథులకూ ఇదే గతి. అందుకే నోరూ కళ్లూ ఎండుతాయి.

దీని పేరు షోగ్రెన్ వ్యాధి. స్వీడన్ దేశపు కంటి డాక్టరు హెన్రిక్ షోగ్రెన్ 1933లో దీన్ని వివరంగా రాశాడు. పది మంది రోగుల్లో తొమ్మిది మంది దాకా ఆడవాళ్లే. ఇది అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా రాదు.

ఎలా తెలుస్తుంది?

నోరు ఎండితే ఈ జబ్బేనని అనుకోకూడదు. షుగరు జబ్బు వల్ల ఎండవచ్చు. కొన్ని మాత్రల వల్ల ఎండవచ్చు. చుట్ట, అడ్డపొగ కూడా నోటికి చేటు. డాక్టరు రక్తపరీక్ష చేయిస్తారు. కంటి కింద రెప్పలో చిన్న కాగితం ముక్క పెట్టి కన్నీరు ఎంత ఊరుతుందో చూస్తారు. ఒక్కోసారి కింది పెదవి లోపలినుంచి చిన్న గ్రంథిని తీసి పరీక్షిస్తారు.

ఏం చేయాలి?

ఈ జబ్బు పూర్తిగా పోదు. కాని అదుపులో ఉంచవచ్చు.

కొంచెం కొంచెంగా నీళ్లు చప్పరించాలి.
పొద్దున, రాత్రి పళ్లు తోముకోవాలి.
తీపి తగ్గించాలి. చుట్ట మానాలి.
డాక్టరు ఇచ్చిన కంటిచుక్కలు, మందులు వాడాలి.
గర్భిణి అయితే ఈ జబ్బు సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి. కొన్ని యాంటీబాడీలు కడుపులో బిడ్డ గుండెకు హాని చేయవచ్చు.
చెవి ముందు, మెడ దగ్గర వాపు తగ్గకపోతే వెంటనే చూపించుకోవాలి. కొద్దిమందికి అది క్యాన్సర్ కావచ్చు.

మర్నాడు ఆ తల్లి హుకుంపేట ఆరోగ్య కేంద్రానికి బయలుదేరింది. అక్కడ తేలకపోతే పాడేరు, ఆపైన విశాఖ పెద్దాసుపత్రి ఉన్నాయి.

మీ ఇంట్లో, మీ వాడలో ముద్దముద్దకూ నీళ్లు తాగే ఆడమనిషి ఉందా? ఈ పాఠం ఆమెకు చదివి వినిపించండి.