రక్తరసంలో రోగపు ఆనవాళ్లు

చిక్కడపల్లిలోని మా వైద్యశాలకు వచ్చేవారిలో రక్తపరీక్షల కాగితాలు లేనివారు నేడు అరుదు. అశోక్‌నగర్‌లో పోటీపరీక్షలకు చదివే యువతీయువకులు నీరసమంటూ, నారాయణగూడ గృహస్థులు కీళ్లనొప్పులంటూ వస్తారు. వారి ప్రశ్న ఒక్కటే: "అయ్యా, ఈ కాగితాన్ని నమ్మాలా, మీ నాడిని నమ్మాలా?" గురుకులంలో అష్టస్థాన పరీక్షను అభ్యసించిన నాకు దీనికి సమాధానం ఒక రోగి ద్వారా తెలిసింది.

నా పొరపాటు

కొన్నేళ్ల క్రితం అశోక్‌నగర్ నుండి విశ్రాంత ఉపాధ్యాయులొకరు నడుమునొప్పితో వచ్చారు. వయస్సు అరవై దాటినది. వాతప్రకోపం వలన కలిగిన కటిగ్రహమని నిర్ణయించి మహానారాయణ తైలంతో అభ్యంగనం, స్వేదనం, లోనికి యోగరాజ గుగ్గులు ఇచ్చాను. నొప్పి కొంత తగ్గేది, మళ్లీ తిరగబెట్టేది. ఇట్లు మూడు నెలలు గడిచాయి. ఒకనాడు ఆయన భార్య, "అయ్యగారూ, ఈయన ముఖం పాలిపోతోంది. రాత్రిళ్లు పక్కమీద ఒత్తిగిలినా మూలుగుతున్నారు" అన్నారు.

అప్పుడు రక్తపరీక్షకు పంపాను. డెసిలీటరుకు 6 నుండి 8 గ్రాముల వరకు ఉండవలసిన మొత్తం మాంసకృత్తులు 10 గ్రాములు దాటాయి. కనీసం మూడున్నర గ్రాములుండవలసిన అల్బుమిన్ మాత్రం తగ్గింది. పెరిగినదంతా గ్లోబ్యులిన్. పెద్ద ఆసుపత్రిలో మజ్జను పరీక్షించి మల్టిపుల్ మైలోమా అని తేల్చారు. మజ్జలోని ఒక జాతి కణాలు అదుపు తప్పి పెరిగి, ఒకే రకపు మాంసకృత్తును రక్తంలోకి విడిచే క్యాన్సరు ఇది. ఎముకలను తొలుస్తుంది, మూత్రపిండాలను చెరుపుతుంది. చికిత్సతో ఆయన నొప్పి శమించింది కాని మూత్రపిండాలు పూర్వస్థితికి రాలేదు.

ఆ మూడు నెలల ఆలస్యం నాది. నిదానపంచకంలో ఉపశయం ఒక అంగం. ఔషధానికి రోగం లొంగనప్పుడు ఆ లొంగకపోవడమే ఒక లక్షణమని గురువులు చెప్పారు. దానిని నేను పాటించలేదు.

సీరం అనగానేమి?

రక్తాన్ని గొట్టంలో కదలకుండా ఉంచితే గడ్డకడుతుంది. పైన తేరిన లేతపసుపు ద్రవమే సీరం. అందులోని మాంసకృత్తులలో సగానికి పైగా అల్బుమిన్. ఏదైనా అవయవం చెడినప్పుడు కొన్ని మాంసకృత్తులు పెరుగుతాయి, కొన్ని తగ్గుతాయి, కొన్ని కొత్తగా కనిపిస్తాయి. రోగాన్ని పట్టియిచ్చే ఇట్టి ఆనవాలునే బయోమార్కర్ అంటారు. మన శాస్త్రభాషలో కొన్ని సందర్భాలలో రూపమని, కొన్ని సందర్భాలలో పూర్వరూపమని భావించవచ్చు.

ఆనవాళ్లు దొరికిన విధము

మైలోమా ఆనవాలు మొదట దొరికినది మూత్రపరీక్షలోనే. 1840 దశకంలో లండన్ వైద్యుడు హెన్రీ బెన్స్ జోన్స్ ఒక రోగి మూత్రాన్ని వేడిచేసి, మరిగినప్పుడు కరిగి చల్లారినప్పుడు మళ్లీ పేరుకునే వింత పదార్థాన్ని గుర్తించాడు. 1937లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు టిసేలియస్ సీరంలోని మాంసకృత్తులను విద్యుత్తుతో వేరుచేసే ఎలక్ట్రోఫోరెసిస్ పద్ధతిని ప్రకటించాడు. 1948లో నోబెల్ బహుమతి పొందాడు. మా రోగి రక్తంలో సన్నని ఒంటి చారను చూపినది ఈ పద్ధతియే.

1930లో న్యుమోనియా రోగుల సీరంలో కనుగొన్న సి.ఆర్.పి. నేటికీ వాడుకలో ఉన్నది. అయితే అది శోథ ఉన్నదని చెప్పునే గాని, ఎక్కడ, ఎందువలన అన్నది చెప్పదు.

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధన ఇక్కడ స్మరణీయం. 1918లో కూనూరులో పుట్టిన ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. క్వాషియార్కర్ వ్యాధిలో బిడ్డకు వాపు వస్తుంది, సీరం అల్బుమిన్ పడిపోతుంది. మరాస్మస్‌లో బిడ్డ ఎండిపోతాడు. ఈ రెండు రకాల బిడ్డల ఆహారంలో చెప్పుకోదగిన తేడా లేదని డాక్టర్ సి. గోపాలన్ 1968లో వివరించారు. కనుక అల్బుమిన్ తగ్గినంతనే ఆహారలోపమని నిర్ణయించరాదు. కాలేయం, మూత్రపిండాలు చెడినా, తీవ్రమైన శోథ ఉన్నా అది తగ్గుతుంది.

కొత్తవి ఏల నిలువవు?

సీరంలో అల్బుమిన్‌కు, అత్యల్పంగా ఉండే మాంసకృత్తులకు మధ్య పరిమాణభేదం వెయ్యికోట్ల రెట్లు. అంత గుంపులో ఒక్కదానిని వెదకాలి. 2002లో అమెరికా పరిశోధకులు సీరం మాంసకృత్తుల పోకడను బట్టి అండాశయ క్యాన్సరును పట్టవచ్చునని ప్రకటించారు. ఆ పరీక్షలో 50 మంది రోగులూ దొరికారు. క్యాన్సరు లేని 66 మందిలో 63 మందిని సరిగా చెప్పింది. లోకం సంతోషించింది. తరువాత ఇతరులు ఆ లెక్కలను తిరగదోడి, ఆ తేడాలు రోగానివి కాక నమూనాలను, యంత్రాన్ని వాడిన తీరువి కావచ్చునని చూపారు.

ఇంకొక లెక్క చూడండి. వెయ్యిమందిలో ఒకరికే ఉన్న రోగానికి, ఆరోగ్యవంతులలో నూటికి అయిదుగురి విషయంలో పొరబడే పరీక్ష చేస్తే, ఒక నిజమైన రోగితో పాటు దాదాపు యాభైమంది ఊరకే భయపడతారు. ప్యాకేజీ పరీక్షలో సి.ఎ. 125 కొంచెం పెరిగినదని ఒక విద్యార్థిని ఏడుస్తూ నా వద్దకు వచ్చింది. అది బహిష్టు సమయంలోనూ పెరుగుతుంది. స్త్రీవైద్యురాలి వద్దకు పంపాను. చెడు ఏమీ లేదని తేలింది.

పాఠకులకు సూచనలు

లక్షణం లేనిదే క్యాన్సరు మార్కర్ల పరీక్షలను సొంతంగా చేయించుకోవద్దు. నడివయస్సు దాటినవారికి నడుమునొప్పి వారాల తరబడి తగ్గక, దానికి పాలిపోవడం, బరువు తగ్గడం, రాత్రి బాధ తోడైతే తైలాలతో కాలం గడపవద్దు. రక్తపరీక్ష, ఎముకల పరీక్ష చేయించండి. నివేదికలో మొత్తం మాంసకృత్తులు ఎక్కువగా, అల్బుమిన్ తక్కువగా ఉంటే వైద్యునికి తప్పక చూపండి.

నాడి, కాగితం పరస్పర శత్రువులు కావు. రెండూ సాక్షులే. ఒక్క సాక్షి మాట విని తీర్పు చెప్పరాదు, సాక్షిని పిలవకుండానూ చెప్పరాదు.