ఆస్తిఅప్పుల పట్టీకి ఎక్కని ఆస్తి

పెద్ద వ్యాపారాలకు రాజకీయ సాన్నిహిత్యం కలిసివస్తుందని అందరూ ఎరిగినదే అయినా, దాని విలువ ఎంతో కొలవడం మాత్రం కష్టం; ఎందుకంటే భూములు, యంత్రాలు, సరుకు నిల్వలు నమోదయ్యే కంపెనీ ఆస్తిఅప్పుల పట్టీలో పలుకుబడికి చోటుండదు. ఈ చిక్కును విప్పడానికి ఆర్థికవేత్త రేమండ్ ఫిస్మన్ ఇండోనేషియాను ఎంచుకున్నారు. 1960ల చివరి నుంచి 1998 మే దాకా ఆ దేశాన్ని ఏలిన సుహార్తో చేతిలోనే అధికారమంతా ఉండేది కనుక, ఆయన ఆరోగ్యంపై వదంతి పుట్టినప్పుడల్లా ఏ కంపెనీ షేరు ఎంత పడిందో చూస్తే, అది ఆయన అండ మీద ఎంతగా ఆధారపడిందో బయటపడుతుంది. 1996 జులైలో సుహార్తో వైద్య పరీక్షలకు జర్మనీ వెళ్తున్నారని తెలియగానే జకార్తా స్టాక్ సూచీ 2.3 శాతం పడింది. ఆయన కుటుంబానికి, ఆప్తులకు చెందిన కంపెనీలు ఇంకా ఎక్కువ నష్టపోయాయి. సన్నిహిత కంపెనీల షేరు విలువలో నాలుగో వంతు దాకా ఆ అండ వల్ల వచ్చినదే కావచ్చని 2001లో వెలువడిన ఆ పరిశోధన అంచనా వేసింది.

ఆ విలువ గాలిలోంచి పుట్టింది కాదు, ఎవరో ఒకరి జేబులోంచి పోయినదే. లవంగాల వ్యాపారమే ఇందుకు ఉదాహరణ. ఇండోనేషియాలో పొగాకులో లవంగాలు కలిపి ‘క్రెటెక్’ సిగరెట్లు చుడతారు. రైతుల నుంచి లవంగాలు కొని సిగరెట్ కంపెనీలకు అమ్మే గుత్తాధిపత్యం, అంటే పోటీకి మరొకరిని రానివ్వని హక్కు, 1990ల తొలినాళ్లలో సుహార్తో చిన్న కొడుకు టామీ నడిపిన సంస్థకు దక్కింది. పైగా కేంద్ర బ్యాంకు నుంచి చవక వడ్డీకి అప్పు కూడా అందింది. కొనేవాడు ఒక్కడే అయ్యాక ధర రైతు చేతిలో ఉండదు. 1996లో ‘జాతీయ కారు’ పేరిట ఆ టామీ కంపెనీకే దిగుమతి సుంకం, విలాస పన్ను మినహాయించారు. తీరా ఆ ‘జాతీయ’ కార్లు కొరియాలో తయారై ఓడల్లో దిగాయి.

అయితే అంతా అండ మహిమేననడం సరికాదు. సుహార్తోకు సైన్యంలో ఉన్ననాటి నుంచీ మిత్రుడైన లియెమ్ స్థాపించిన సలీం గ్రూపు, ప్రభుత్వం దిగుమతి చేసే గోధుమలను మరపట్టే అవకాశంతో ఎదిగింది. 1998 మేలో అల్లరిమూకలు లియెమ్ ఇంటిని తగలబెట్టాయి, డిపాజిటర్లు ఎగబడడంతో గ్రూపు బ్యాంకు చేజారింది. కానీ అదే గ్రూపు ఇండోమీ నూడుల్స్ నేటికీ అమ్ముడుపోతున్నాయి. అండతో మొదలైన వ్యాపారంలోనూ సొంత సత్తా ఉండవచ్చు. రెంటినీ విడదీయడమే పరిశోధకులకు కష్టం.

భారతదేశంలోనూ ఇదే చిక్కు. వేలం లేకుండా కేటాయించిన 218 బొగ్గు గనుల్లో 214 కేటాయింపులను 2014లో సుప్రీంకోర్టు రద్దు చేసింది. దాతల పేర్లు దాచిన ఎన్నికల బాండ్ల పథకాన్ని 2024 ఫిబ్రవరిలో కొట్టివేసింది. ఆ తర్వాత ఏ కంపెనీ ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో ప్రజలకు తెలిసింది. ఆ జాబితాలో పేరు, తేదీ, మొత్తం ఉన్నాయి గానీ, ప్రతిఫలంగా ఏమైనా ముట్టిందా అన్నది లేదు. అది తెలియాలంటే ప్రతి కాంట్రాక్టు, ప్రతి అనుమతి తేదీని పక్కన పెట్టుకుని ఓపికగా సరిచూడాలి.