నిప్పుకొండ మీది మెరుపు

వేసవి చివర మబ్బు క్రమ్మిన సాయంకాలమున రేడియో ముందు కూర్చున్న వారికెల్లరకు ఒక అనుభవము కలదు. ఎక్కడో దూరమున మెరుపు మెరయును. ఉరుము మన చెవిని చేరకమునుపే, ఒక్కొక్కప్పుడు ఉరుము వినబడకయే, పాట నడుమ చిటపటమని ఒక చప్పుడు వచ్చి పోవును. మీడియం వేవ్‌పై వినువారికి ఇది చిరపరిచితము. మంచి కీర్తన పాడైపోయెనే యని విసుగుకొందుము. కాని ఆ చిటపట మెరుపు పంపిన కబురు. మెరుపు వెలుగునే కాదు, రేడియో తరంగములను గూడ నలుదెసలకు వెదజల్లును. అట్టి కబురులలో మిక్కిలి విచిత్రమైన దానిని గూర్చి ఇచట ముచ్చటింపదలచితిమి. అది వానమబ్బులోని మెరుపు కాదు. నిప్పుకొండ నోటినుండి లేచిన బూడిదలో మెరయు మెరుపు.

దానిని అతి సమీపమునుండి చూచి, బ్రతికి బయటపడి, చూచినది వ్రాసి యుంచినవారు కొలదిమందియే. 1883 ఆగస్టు 26వ తేదీన, జావా సుమత్రా దీవుల నడుమనున్న సుండా జలసంధిలో క్రకటోవా కొండ ప్రేలుచుండగా, చార్లెస్ బాల్ అను బ్రిటిష్ తెరచాప ఓడ ఆ దారిని పోవలసివచ్చెను. కెప్టెన్ వాట్సన్ ఆ ఓడను నడపుచుండెను. తీరము కానరాదు, ముందునకు పోవుటకు ధైర్యము చాలదు. రాత్రియంతయు ఓడ ఆ కొండకు కొలది మైళ్ళ దూరముననే అటునిటు మసలుచు గడపెను. పైనుండి ఇసుకయు రాళ్ళును పడుచుండెను. మిన్నును నేలను వేరుపరుపరాని చీకటిలో దీవినుండి ఆకాశమునకు, ఆకాశమునుండి దీవికి నిప్పుగొలుసులు ప్రాకినట్లు మెరుపులు ఎడతెగక కానవచ్చెను. ఓడ స్తంభముల కొనలందును, అడ్డకొయ్యల చివరలందును కాంతిముద్దలు నిలిచెను. నావికులు వానిని సెయింట్ ఎల్మో నిప్పు అందురు. పేరునకు నిప్పే గాని అది దేనిని కాల్చదు. గాలిలో విద్యుత్తు మిక్కుటమైనపుడు మొనదేలిన వస్తువులనుండి అది మెల్లగా జారిపోవునపుడు కలుగు కాంతి అది. అదే జలసంధిలో చిక్కుకొన్న లౌడన్ అను డచ్చి ఓడపై బూడిద బురదవానయై కురిసెను. ఆ ఓడ స్తంభముపైని పిడుగును మరలించు తీగను మెరుపు పెక్కుమార్లు కొట్టెను.

మరునాటి ఉదయము పదిగంటల వేళ జరిగిన ప్రేలుడుతో దీవిలో అధికభాగము కడలిలో కలిసిపోయెను. లేచిన కెరటములు జావా సుమత్రా తీరములందలి పల్లెలను తుడిచివేసెను. చనిపోయినవారు 36,000 మందికి పైబడిరి. ఆ ధ్వని హిందూమహాసముద్రమును దాటి, సుమారు 4,800 కిలోమీటర్ల దూరముననున్న రోడ్రిగ్స్ దీవిని నాలుగు గంటల పిదప చేరినది. అచటివారు దానిని విని, ఎక్కడో ఓడలు ఫిరంగులు ప్రేల్చుచున్నవని తలంచిరి.

ఈ మెరుపులు నూతనముగ కనుగొన్నవి కావు. క్రీస్తు శకము 79లో ఇటలీయందలి విసూవియస్ పగిలినపుడు, అఖాతమునకు ఆవలనున్న మిసీనమ్ పట్టణమునుండి దానిని చూచిన యువకుడు ప్లినీ, పిమ్మట చరిత్రకారుడగు టాసిటస్‌కు వ్రాసిన లేఖలలో, ఆ నల్లని మేఘము చీలునపుడు కనబడిన మంటలు మెరుపులను పోలి యున్నవనియు, వానికంటె పెద్దవనియు తెలిపెను. అతని మేనమామ ఆ ఉత్పాతముననే మరణించెను.

ఆ మేఘము యథార్థమునకు ఏమి? అగ్నిపర్వతమను మన పేరు ఇచట కొంత దారి తప్పించును. కొండ కట్టెవలె కాలదు. పైకి లేచునది పొగయు కాదు. భూగర్భమున కరిగియున్న శిలలో ఆవిరియు ఇతర వాయువులును అణగియుండును. శిల పైకి వచ్చుకొలది ఒత్తిడి తగ్గును. సోడాసీసా మూత తీసినట్లు ఆ వాయువులు ఒక్కపెట్టున ఉబ్బి, శిలను తుత్తునియలు చేసి వెలికి చిమ్మును. మనము బూడిద యనునది ఆ శిలయొక్క పొడి. సూక్ష్మదర్శినిలో చూచిన, గాజు పెంకులవలె పదునైన అంచులు కానవచ్చును. మన పొయ్యిలోని బూడిదకును దీనికిని పేరొక్కటే పోలిక.

ఇట్టి పొడిని చూచుటకు మనము జావాకు పోనక్కరలేదు. నంద్యాల జిల్లాలో జుర్రేరు వాగు లోయయందు జ్వాలాపురమను గ్రామము కలదు. పేరు చూచి అచట నిప్పుకొండ యుండెనని కథ కల్పింపరాదు. అచట నేల పొరలలో దొరకు తెల్లని బూడిద, సుమారు 74,000 ఏండ్ల క్రిందట సుమత్రా దీవిలోని తోబా కొండ ప్రేలినపుడు గాలిలో 2,500 కిలోమీటర్లకు మించిన దూరము వచ్చి రాలినది. వాననీరు చుట్టుపట్ల బూడిదను గూడ కొట్టుకొనివచ్చి ప్రోగుచేయుటచే, కొన్నిచోట్ల ఆ పొర రెండు మీటర్లకు మించి యున్నది. దానికి పైనను క్రిందను రాతి పనిముట్లు దొరకుటచే పురాతత్త్వజ్ఞులకు ఆ గ్రామము 2007 నుండి సుప్రసిద్ధమైనది.

ఇక మెరుపు మాట. పొడి గాలి వీచు దినమున తల దువ్విన దువ్వెన కాగితపు ముక్కలను లాగుకొనును. రెండు వస్తువులు ఒరసికొన్నపుడు ఒకదానినుండి మరియొకదానికి విద్యుత్తు చేరుటయే దీనికి కారణము. కొండ నోటియొద్ద కోట్లకొలది రాతి రేణువులు మహావేగమున ఒండొంటిని ఢీకొనుచుండును. శిల పగులునపుడే కొంత విద్యుత్తు పుట్టును. రేణువుల ఒరపిడి దానిని పెంచును. పెద్ద రేణువులును చిన్న రేణువులును విరుద్ధమైన ఆవేశములను పొంది, బరువైనవి వేగముగ క్రిందికి దిగుచుండ, తేలికవి పైకి పోవుచుండ, మేఘములో రెండు వర్గములు ఏర్పడును. వాని నడుమ గాలి ఇక అడ్డు నిలువజాలనపుడు మెరుపు పుట్టును.

ఇది సగము కథయే. కొండ నోటియొద్ద పుట్టునవి చిన్న చిన్న రవ్వలు. మైళ్ళ పొడవున ప్రాకు మహామెరుపులకు మరియొక కారణము కూడ తోడుపడును. బూడిదతో పాటు లేచిన నీటియావిరి ఎత్తునకు పోయి మంచుగా పేరుకొనును. మంచుపలుకులు ఒకదానినొకటి ఒరసికొనుటచే విద్యుత్తు పుట్టుట మన వానమబ్బులలో నిత్యమును జరుగునదే. కావున నిప్పుకొండ తన తలపై తానే ఒక గాలివానను నిర్మించుకొనుచున్నది. నిప్పునుండి లేచిన మేఘములో మెరుపునకు మంచు కారణమగుట మాకు అన్నిటికంటె వింతగా తోచును.

ఈ విద్యుత్తును శ్రద్ధగా పరికించినవారిలో లూయీజీ పాల్మియేరి ముఖ్యుడు. విసూవియస్ వాలుపై నిర్మించిన పరిశోధనాలయమునకు ఆయన అధిపతి. 1872 ఏప్రిల్‌లో కొండ విజృంభించి, లావా తన భవనమునకు ఇరుప్రక్కల ప్రవహించుచున్నను, ఆయన ఆ చోటు విడువక పరికరములను చూచుచు కూర్చుండెను. అదే రాత్రి ఆ దృశ్యమును దగ్గరగా చూడవలెనని నేపుల్సునుండి ఎక్కి వచ్చిన జనులలో కొందరు, తటాలున పగిలి పారిన లావాకు ఆహుతియైరి. వారిలో విద్యార్థులు గలరు. చూడవలెనను కోరిక తప్పని మేమనము; ఈ వ్యాసమును వ్రాయించినదియు ఆ కోరికయే. కాని ఇట్టి మెరుపుల ఛాయాచిత్రములను చూచి మురియు మనము, అవి తీసినవారు ఎంత దూరమున నిలిచిరో అడుగుట లేదు.

1963 నవంబరు 14న ఐస్లాండునకు దక్షిణమున సముద్రమునుండి ఒక క్రొత్త దీవి లేచెను. దానికి సర్ట్సీ యని పేరిడిరి. దాని మేఘములోని మెరుపులను శాస్త్రజ్ఞులు ఓడనుండియు విమానమునుండియు కొలిచి, మేఘము అధికముగ ధనావేశము గలదని నిర్ణయించిరి. అప్పటికి ఇది కేవలము విజ్ఞాన కుతూహలమే.

కుతూహలము ప్రాణావసరమైనది 1982 జూన్ 24 రాత్రి. కౌలాలంపూరునుండి పెర్త్‌నకు పోవుచున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ జంబో విమానము జావా మీద 37,000 అడుగుల ఎత్తున నుండెను. రాడారులో మబ్బుజాడ లేదు. అయినను ముందరి అద్దములపై సెయింట్ ఎల్మో నిప్పు ఆడసాగెను. యంత్రముల నోళ్ళు లోపలినుండి వెలుగుచున్నట్లుండెను. కొలది నిముషములలో నాలుగు యంత్రములును ఆగిపోయెను. క్రింద గాలుంగుంగ్ కొండ ప్రేలి చిమ్మిన బూడిదలో విమానము దూరినదని ఎవ్వరికిని తెలియదు. పొడిబూడిద నీటిచుక్కవలె రాడారునకు చిక్కదు. బూడిద యంత్రముల వేడికి కరిగి లోపల అంటుకొనెను. విమానము చాలదూరము జారి, 13,000 అడుగుల ప్రాంతమునకు దిగిన పిమ్మట యంత్రములు మరల పనిచేయసాగెను. ఇసుక రాపిడివలన మసకబారిన అద్దములతో జకార్తాలో దిగెను. అందలి 260కి పైగా జనులు క్షేమముగా బయటపడిరి. వాట్సన్ ఓడ స్తంభముల మీద వెలిగినదే ఈ అద్దముల మీదను వెలిగినది. ఆ కాంతియే హెచ్చరిక. దానిని చదువగలవారు నాడు లేరు.

నేడు కొంత చదువగలుగుచున్నాము, అదియు రేడియో మూలముననే. మెరుపు పుట్టించు అతి దీర్ఘ తరంగములు నేలకును, పైన విద్యున్మయమైన వాయుపొరకును నడుమ తగులుచు వేలకొలది కిలోమీటర్లు పోగలవు. భూమిపై పలుచోట్ల నిలిపిన గ్రాహకయంత్రములు ఆ చిటపటను విని, ఏ యంత్రమునకు ఏ క్షణమున చేరెనో పోల్చిచూచి, మెరుపు మెరసిన తావును కనుగొనును. అలాస్కా దరినున్న బొగొస్లావ్ అను చిన్నదీవి 2016 డిసెంబరునుండి 2017 ఆగస్టు వరకు అరువదికి పైగా మార్లు ప్రేలినది. ఆ దీవిపై కొలుచు పరికరమొక్కటియు లేదు. దాని మీదుగా అమెరికా ఆసియా ఖండముల నడుమ విమానములు ఎగురుచుండును. ప్రేలుళ్ళలో దాదాపు సగమునకు మెరుపులే దూరపు యంత్రములకు సాక్ష్యమిచ్చినవి.

శ్రవణప్రియులకు ఇచటనే మరియొక విశేషము. నిప్పుకొండ ఉరుమును వేరుపరచి నమోదుచేయుట అంతవరకు ఎవ్వరికిని సాధ్యపడలేదు. కొండ గర్జనలో ఉరుము కలిసిపోవును గదా! 2017 మార్చి 8న బొగొస్లావ్ ప్రేలుడు ఆగినను మేఘములో మెరుపులు ఆగలేదు. సుమారు 60 కిలోమీటర్ల దూరమున వేరొక దీవిపైనున్న మైక్రోఫోనులు ఆ నిశ్శబ్దములో ఉరుములను పట్టుకొన్నవి. మెరుపుల కాలమును, వాని దిక్కును సరిచూచి, అది ఉరుమేయని 2018లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

2022 జనవరి 15న పసిఫిక్ మహాసముద్రమున టోంగా రాజ్యములోని హుంగా టోంగా కొండ సముద్రగర్భమునుండి ప్రేలెను. మేఘము 57 కిలోమీటర్ల ఎత్తున కెగసెను. మెరుపుల సంఖ్య దాదాపు రెండు లక్షలు. మిక్కిలి ఉద్ధృతి వేళ నిముషమునకు 2,600 పైచిలుకు. అవి వలయములుగా ఏర్పడి, చెరువులో రాయి వేసినపుడు అలలవలె విస్తరించెను. సముద్రము క్రింది తంతి తెగిపోవుటచే టోంగా జనుల క్షేమసమాచారము లోకమునకు చేరుట దుర్లభమైనది. తంతి బాగుపడుటకు అయిదు వారములు పట్టినది. కొండ పంపిన రేడియో కబురులు మాత్రము ఆ దినముననే దూరపు యంత్రములను చేరినవి.

అయితే దీనిని ఎక్కువచేసి చెప్పరాదు. మెరుపు, ప్రేలుడును ముందుగా తెలుపదు. బూడిద లేచినదని మాత్రమే తెలుపును. 2018 డిసెంబరు 22 రాత్రి, క్రకటోవా ఉన్న చోటనే పుట్టిన అనక్ క్రకటోవా ప్రక్క విరిగి కడలిలో పడెను. లేచిన కెరటము 400 మందికి పైగా ప్రాణములను బలిగొనెను. ఆ పిమ్మట ఆరు దినములలో ఆ మేఘమున లక్షకు పైగా మెరుపులు మెరసెను. తీరవాసులకు అవి దేనికిని అక్కరకు రాలేదు.

మన దేశమునకును సజీవమైన నిప్పుకొండ యొకటి కలదు. ఎందరో తెలుగువారు స్థిరపడిన పోర్ట్ బ్లెయిరు, నేటి శ్రీ విజయపురము, నకు ఈశాన్యమున సుమారు 140 కిలోమీటర్ల దూరమున బారెన్ దీవి యున్నది. అందు జనులు లేరు. 1787లో అది ప్రేలినట్లు తొలి లిఖితాధారము; నూటయేబది ఏండ్లకు పైగా నిద్రించి 1991లో మరల మేల్కొనెను. అప్పటినుండి విడచి విడచి ప్రేలుచున్నది. దాని బూడిదను గూర్చి విమానములకు హెచ్చరికలు ఆస్ట్రేలియాలోని డార్విన్ కేంద్రమునుండి వచ్చును. 2017 జనవరిలో గోవాలోని జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థవారు ఒక పరిశోధక నౌకలో అటు పోయియుండగా కొండ హఠాత్తుగా బూడిదను చిమ్మసాగెను. వారు ఓడను ఒక మైలు దూరమున నిలిపి చూచిరి. పగలు బూడిద మేఘములే కానవచ్చెను. ప్రొద్దుక్రుంకిన పిదప ఎర్రని లావా చిమ్ముచు వాలుమీద పారుట కానవచ్చెను.