‘ఎట్ల తెలిసింది?’ అని పిల్లల్ని అడగనియ్యండి

మన వాడల్లో పిల్లలకు కథలు చెప్పేవాళ్లకు కొదవ లేదు. నాయినమ్మలు, అమ్మమ్మలు రాజుల కథలు, దేవుళ్ల కథలు, దయ్యాల కథలు చెప్తనే ఉంటరు. అవి ఉండాల్సినవే. నేను రాసేది ఇంకో రకం చదువు గురించి. చీమలు, వాన, మనిషి ఒళ్లు, రైలింజను - ఇట్లాంటి ఉన్న సంగతులను ఉన్నట్టు చెప్పే పుస్తకాల గురించి. ఐదారేండ్ల పిల్లలకు అవెందుకు, పెద్దయ్యాక చదువుకుంటరులే అని చాలామంది అంటరు. నాకైతే ఆ వయసే సరైన వయసు అనిపిస్తది. ఎందుకంటే రోజుకు వంద ప్రశ్నలు అడిగేది ఆ వయసులోనే.

నేను చదివింది నాలుగో తరగతి. సోలాపూర్‌లో ముప్పై ఏండ్లకు పైగా మగ్గాల మీద పని చేసి రిటైరైన. ఇప్పుడు మనుమరాలు, మనుమడితో సాయంత్రం అరగంట పుస్తకం పట్టుకొని కూర్చుంట. అందులో చూసినవి మీకు చెప్తున్న.

సాలెపురుగు లెక్క

ఒకరోజు చదివిన పుస్తకంలో సాలెపురుగు పురుగుల జాతి కాదని ఉంది. పురుగులకు ఆరు కాళ్లు, దీనికి ఎనిమిది. మనుమరాలు ఒప్పుకోలే. “పేరులోనే పురుగు అని ఉంది కద తాతా” అన్నది. “పోయి లెక్కపెట్టు బిడ్డా” అన్న. గోడ మూలకు నిలబడి మూడుసార్లు లెక్కపెట్టింది. ఎనిమిదే. “మరి పేరు అట్లెందుకు పెట్టిండ్రు?” అని మళ్లీ అడిగింది. నేత చూసి మన సాలోళ్ల పేరు పెట్టిండ్రు గాని కాళ్లు లెక్కపెట్టి పెట్టలేదని చెప్పిన.

తర్వాత మనుమడు అడిగిండు, “తన గూట్లో తనే ఎందుకు అంటుకోదు?” గుండ్రంగా అల్లే గూటిలో నడుమ నుంచి బయటికి పోయే నిలువు పోగులకు జిగురు ఉండదని, చుట్టూ తిరిగే పోగుకే జిగురు ఉంటదని పుస్తకంలో ఉంది. పడుగు, పేక అని నేను విప్పి చెప్పిన. కంచె మీద అట్లాంటి గూడు వెతికి గడ్డిపోచతో ముట్టి చూసినం. చుట్టు పోగు సాగి పోచకు అంటుకొని వచ్చింది. నిలువు పోగు అంటుకోలే.

పుస్తకంలో ఒక మాట ఉంటే దాన్ని కంటితో చూడొచ్చు, చేత్తో ముట్టొచ్చు అని పిల్లలకు ఒకసారి తెలిస్తే చాలు. రెండోసారి మనం చెప్పనక్కర్లేదు, వాళ్లే వెతుకుతరు.

లెక్క అడిగిన మనిషి

ఇదంతా ఎందుకు అంటే ఒక సంగతి చెప్త. మిల్లు మూతపడ్డప్పుడు అందరికీ గ్రాట్యుటీ కాగితాలు ఇచ్చిండ్రు. నాతో పనిచేసినాయన ఒకరు, ఆయనా నాలుగో తరగతే, సంతకం పెట్టే ముందు చట్టం గురించిన చిన్న పుస్తకం కూడబలుక్కొని చదివిండు. అప్పుడు అమల్లో ఉన్న 1972 గ్రాట్యుటీ చట్టం ప్రకారం చివరి నెల జీతాన్ని, అంటే మూలవేతనం, కరువు భత్యం కలిపి, 26తో భాగించి 15తో గుణించాల్సి ఉండె. దాన్ని పనిచేసిన ఏండ్లతో గుణించాల్సి ఉండె. చివర్లో ఆరు నెలలు దాటిన ముక్క ఉంటే దాన్ని నిండు ఏడాదిగా పట్టాల్సి ఉండె. ఆయన సర్వీసు 22 ఏండ్ల 8 నెలలు. కాగితంలో 22 అని రాసిండ్రు. “నా ఎనిమిది నెలలు ఏమైనయ్ సారూ?” అని గుమస్తాను అడిగిండు. పుస్తకంలో ఆ వరుస చూపించిండు. 23 అని దిద్దిండ్రు. ఆయన్ని చూసి ఇంకా కొందరు తమ కాగితాలు మళ్లీ చూపించుకున్నరు.

ఆయన కొట్లాడలేదు, గొంతు పెంచలేదు. చదివిండు, అడిగిండు. ఈ అలవాటు అరవై ఏండ్లకు రావడం కష్టం. ఆరేండ్లకు సులువు.

చదువు రాని తల్లి కూడా చేయొచ్చు

మన ఆడవాళ్లు పొద్దంతా బీడీలు చుడతరు. పుస్తకం పట్టుకునే తీరిక వాళ్లకెక్కడిది? పట్టుకోనక్కర్లేదు. పిల్ల పక్కన కూర్చొని చదవాలె, తల్లి చేట ముందు పని చేసుకుంటనే వినాలె. నడుమ నడుమ అడగాల్సిన మాటలు నాలుగే. ఇది వాళ్లకు ఎట్ల తెలిసింది? ఎవరు రాసిండ్రు, ఎప్పుడు రాసిండ్రు? మనం చూడగలమా? ఇంకోచోట కూడా ఇట్లనే ఉందా? జవాబు తల్లికి తెలియకపోయినా ఫరవాలేదు. తెలియనప్పుడు ఇద్దరూ కలిసి వెతకాలె.

పిల్లలు మరాఠీ బడికి పోతుంటే మరాఠీ పుస్తకమే చదవనియ్యండి, సంగతి మాత్రం తెలుగులో చెప్పించండి. అర్థం కానిది తెలుగులో చెప్పలేరు. అక్కడే దొరికిపోతరు.

ఇంట్లో ఉన్న కాగితాలు

పుస్తకం లేని రోజు కరెంటు బిల్లు ఇయ్యండి. పోయిన నెల రీడింగు, ఈ నెల రీడింగు తీసివేత చేయిస్తే యూనిట్లు వస్తయ్. మీటరు దగ్గరికి తీసుకుపోయి సరిచూడమనండి. మందుల అట్ట మీద గడువు తేదీ చదివించండి. డబ్బు కడితే పథకం వస్తదని ఫోనులో మెసేజ్ వస్తే ఇది ఏ ఆఫీసు పంపింది, తేదీ ఉందా, సంతకం ఉందా అని పిల్లలతోనే వెతికించండి.

పుస్తకం కూడా పాతబడుతుంది

ఇది ముఖ్యం. మా పొరుగింటి పాత పుస్తకంలో గ్రహాలు తొమ్మిది అని ఉంది. కొత్త పుస్తకంలో ఎనిమిది. పిల్లలు ఏది నిజమని కొట్లాడుకున్నరు. రెండు పుస్తకాలు ఏ ఏట అచ్చయినయో చూడమన్న. 2006లో శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంఘం ప్లూటోను గ్రహాల లెక్కలోంచి తీసి మరుగుజ్జు గ్రహం అన్నది. పాత పుస్తకం అంతకు ముందుది. అప్పటి నుంచి మా ఇంట్లో ఏ పుస్తకం తెరిచినా ముందు అచ్చయిన ఏడాది చూస్తున్నరు.

పిల్లలు మన మాటనూ అట్లనే అడుగుతరు. “పెద్దోళ్లకు ఎదురు మాట్లాడతావా” అని నోరు మూయించకండి. మర్యాదగా అడగడం నేర్పండి, అడగడం మాత్రం మానిపించకండి. మన రాజ్యాంగంలో 51ఏ దగ్గర పౌరుల బాధ్యతలు రాసి ఉన్నయ్. శాస్త్రీయ దృష్టిని, అడిగి తెలుసుకునే గుణాన్ని పెంచుకోవడం కూడా అందులో ఒకటి.

ఎక్కడ దొరుకుతయ్

ప్రథమ్ బుక్స్ వాళ్ల ‘స్టోరీవీవర్’లో తెలుగు, మరాఠీ పిల్లల పుస్తకాలు ఫోనులో ఉచితంగా చదవొచ్చు. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం, ఢిల్లీలోని నేషనల్ బుక్ ట్రస్ట్ తెలుగులో పిల్లల పుస్తకాలు వేస్తున్నయ్. ఊరికి పోయినప్పుడు చుట్టాల ఇంటికి మిఠాయితో పాటు అవి కూడా రెండు తెచ్చుకోండి. నాలుగిండ్లవాళ్లు తలా ఒకటి కొని మార్చుకుంటే నెలకు నాలుగు పుస్తకాలు అయితయ్. ఆదివారం పొద్దున గుడి అరుగు మీద పిల్లల్ని కూర్చోబెట్టడానికి నా అసుంటి రిటైరైనోళ్లు వాడకు పదిమంది ఉన్నరు. అడిగితే కాదనరు.